జగన్నాథపురం పాత సామాన్ల కొట్టు: చేత్తో రంగులు వేసిన ఇంగ్లీషు పింగాణీ కావలసినవాళ్ళకి

కాకినాడ జగన్నాథపురంలో వంతెన దాటాక, లోపలి వీధిలో ఒక పాత సామాన్ల కొట్టు ఉంది. బోర్డు లేదు. ముందు గదంతా ఇత్తడి గుండిగలు, గోడ గడియారాలు, పేము కుర్చీలు. వెనక గదిలో రెండు అద్దాల బీరువాల నిండా ఇంగ్లీషు పింగాణీ. పాత కప్పులూ సాసర్లూ ప్లేట్లూ సేకరించేవాళ్ళం గోదావరి జిల్లాల్లో కొద్దిమందిమే అయినా ఉన్నాం. మా అందరికీ ఈ కొట్టు గురించి ఒకచోట వివరంగా రాసి పెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. నేను ధైర్యంగా డబ్బు పెట్టేది ఇక్కడే. దానికి కారణం కూడా ఒకటే. ఏది కుంచెతో వేసిన బొమ్మో, ఏది అచ్చు దించిన బొమ్మో ఈ కొట్టాయన అడక్కముందే చెప్తారు.

ఇది చిన్న విషయం కాదు. ఈ సరుకులో మోసమంతా అక్కడే జరుగుతుంది.

నేను రామచంద్రపురంలో ఉంటాను. కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యాను. నాకు పింగాణీ మీద ఇష్టం పూల ద్వారా వచ్చింది. ఇంగ్లండులో డెర్బీ ఊళ్ళో 1790లలో ప్లేట్ల మీద మొక్కల్ని అచ్చంగా మొక్కల్లాగే వేసేవారు. విలియం కర్టిస్ 1787లో మొదలుపెట్టిన వృక్షశాస్త్ర పత్రికలోని బొమ్మలు చూసి వేసి, ప్లేటు వెనక ఆ మొక్క పేరు కూడా రాసేవారు. ఒక హెర్బేరియం షీటుని (ఎండబెట్టిన మొక్కని అంటించి పేరు రాసిపెట్టే కాగితాన్ని) భోజనాల బల్ల మీద పెట్టుకునే దేశం ఒకటి ఉందా అని అది తెలిసిన రోజున నాకు కలిగిన ఆశ్చర్యం ఇంకా తగ్గలేదు. అలాంటివి మ్యూజియాల్లోనూ పెద్ద వేలాల్లోనూ తప్ప కనిపించవు. కాకినాడలో దొరుకుతాయని చెప్పడం లేదు. ఇక్కడ దొరికేది ఎక్కువగా 19వ శతాబ్దం సరుకు, 20వ శతాబ్దం మొదటి భాగం సరుకు. ఆ మాట కూడా ఆయనే ముందు చెప్పేస్తారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు పూల ప్లేట్లు అడిగితే, ఆయన ఒకే సెట్‌లోవి రెండు తీసి పక్కపక్కన పెట్టారు.

"చూడండమ్మా, ఈ ఆకు కొస అంచుకి ఎంత దూరంలో ఉందో. రెండోదాంట్లోనూ అంతే దూరంలో ఉందాండి?"

"అంతే ఉందండి."

"ఆయ్, అయితే అది అచ్చేనండి. మనిషి చెయ్యి రెండుసార్లు ఒకేలా తిరగదు కదండి."

ఆ తర్వాత భూతద్దం నా చేతికిచ్చి, ఇంకో జత బయటపెట్టారు. ఇవి కొంచెం కష్టం. రాగి రేకు మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, పల్చటి కాగితం మీదకి ఎత్తి, దాన్ని పింగాణీకి అద్దే పద్ధతి ఇంగ్లండులో 1750ల నుంచే ఉంది. తర్వాత రోజుల్లో గీతల్ని ఇలా అచ్చు దించి, లోపల రంగు మాత్రం చేత్తో నింపే పని బాగా పెరిగింది. అమ్మేవాళ్ళు దాన్ని కూడా చేత్తో వేసిందనే చెప్తారు. పూర్తిగా అబద్ధం కాదు కనుక ఎదురు చెప్పలేం. భూతద్దంలో చూస్తే తెలిసిపోతుంది. అచ్చు గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే లావున ఉంటుంది, లోపల నింపిన రంగు అక్కడక్కడ ఆ గీత దాటి బయటికి పోతుంది. కుంచె గీత అలా ఉండదు. మొదట్లో లావుగా పడి, చివర సన్నబడి, కుంచె ఎత్తినచోట రంగు చిన్న చుక్కగా నిలిచిపోతుంది. వేలితో మెల్లగా రాస్తే ఆరిన ముగ్గు గీతలాగా తగులుతుంది కూడా.

ఈ మూడు రకాలకీ ఆయన దగ్గర మూడు రేట్లు. అచ్చు ప్లేటు 600 నుంచి 1,000 లోపు, అచ్చు గీతల్లో రంగు నింపింది 1,500 దాకా, మొత్తం కుంచె పని అయితే 4,000 నుంచి మొదలు. మూడూ ఒకే అరలో ఉంటాయి కానీ, అంటించిన చీటీ మీద పెన్సిల్‌తో 'అచ్చు', 'నింపుడు', 'చెయ్యి' అని రాసి ఉంటుంది. ఇలా రాసిపెట్టిన కొట్టు నేను ఇంకెక్కడా చూడలేదు.

అక్కడ నేను కొన్న ప్లేట్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైనదాని గురించి కొంచెం చెప్పాలి. భోజనం చివర పళ్ళు పెట్టుకునే ప్లేటు. అంచు నీలం, దాని మీద బంగారు తీగ, మధ్యలో ఒక్క గులాబీ రెమ్మ. కంపెనీ ముద్ర లేదు. వెనక ఎర్ర రంగుతో, కుంచెతోనే రాసిన ఒక అంకె మాత్రం ఉంది. అది డిజైను నంబరు. 1820లు, 1830లలో చాలా కంపెనీలు పేరు వేయకుండా ఈ నంబరు ఒక్కటే వేసి వదిలేవి. అందుకని ఏ కంపెనీదో తేల్చి చెప్పలేనని ఆయన బిల్లు రాయకముందే అన్నారు. పేరు కల్పించి ఉంటే ఇంకో మూడు వేలు ఎక్కువ అడగొచ్చు, అడగలేదు.

ఆ గులాబీని వేసిన మనిషి గులాబీని చూసి వేశాడు. ఇది బోటనీ చెప్పిన మనిషిగా అంటున్న మాట. మామూలుగా పూల ప్లేట్ల మీద గులాబీకి ఎక్కడో మందారం ఆకు తగిలించేస్తారు. ఇక్కడ ఒక్కో ఆకుకీ అయిదు పత్రకాలు, కొసది మిగతావాటికంటే కాస్త పెద్దది, అంచున రంపపు పళ్ళు. విచ్చుకోని మొగ్గ మీద రక్షక పత్రాలు రేకుల కంటే పొడుగ్గా బయటికి వచ్చి, కొసలు చీలి ఉన్నాయి. ఆకు తొడిమ మొదట్లో ఉండే చిన్న రెక్కల్ని కూడా వదల్లేదు. రేకుల మీద వెలుగు పడ్డచోట తెల్లగా వదిలెయ్యలేదు. రంగు నిండుగా పెట్టి, ఆరేలోగా ఉత్త కుంచెతో తుడిచి ఆ వెలుగు తెప్పించారు. డెర్బీలో పనిచేసిన విలియం బిలింగ్స్లీ ఈ తుడుపు పనికి పేరుపడ్డవాడు, 1795లో డెర్బీ వదిలి వెళ్ళాక అతని పద్ధతి మిగతా ఊళ్ళ చిత్రకారులకీ పాకింది. నా ప్లేటు అతనిది కాదు, అతని తర్వాత తరంలో ఎవరో పేరు లేని మనిషిది. అయినా ఆ తుడిచిన జాడలు భూతద్దంలో చూస్తే కుంచె వెంట్రుకలతో సహా కనిపిస్తాయి. ఆ గులాబీ రంగు బంగారం నుంచి తయారవుతుంది. ఆనాటి పింగాణీ మీద మంచి గులాబీ, ఊదా రంగులకి బంగారమే మూలం. గ్లేజు, అంటే పైన గాజులాంటి పూత, కాల్చాక ఈ రంగులు (వీటినే ఎనామెల్ అంటారు) వేసి, దాదాపు 700, 800 డిగ్రీల వేడిలో మళ్ళీ కాల్చేవారు. అన్నిటికంటే చివర బంగారు పూత వేసి, కాల్చి, నున్నటి రాయితో మెరుగు పెట్టేవారు. ఇన్నిసార్లు పొయ్యిలోకి వెళ్ళి పగలకుండా బయటికొచ్చి, రెండు వందల ఏళ్ళ దాకా బతికిన ప్లేటుకి నేను 5,500 ఇచ్చాను. చాలా తక్కువే ఇచ్చానని నా నమ్మకం.

ముద్రల విషయంలో కూడా ఈయన దగ్గర నేర్చుకోవడానికి ఉంది. రాయల్ వూస్టర్ కప్పులు అప్పుడప్పుడు వస్తాయి. వూస్టర్ ఫ్యాక్టరీ 1751 నాటిది. అక్కడ 1891లో ముద్ర చుట్టూ కంపెనీ పేరు, 'ఇంగ్లండ్' అన్న మాట చేర్చారు. 1892 నుంచి ఏడాదికొక చుక్క కలుపుతూ 1915 దాకా 24 చుక్కలు పెట్టారు. చుక్కలు లెక్కపెట్టి 1891కి కలిపితే కప్పు ఏ ఏడాదిదో వచ్చేస్తుంది. 18 చుక్కలుంటే 1909. ఆయన ఆ లెక్క మనల్నే చెయ్యమంటారు, తను చెప్పరు. నాకది చాలా నచ్చింది.

అమెరికా 1890లో తెచ్చిన సుంకాల చట్టం వల్ల 1891 నుంచి దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాల్సి వచ్చింది. అందుకని ఉత్త 'ఇంగ్లండ్' అని ఉంటే సాధారణంగా ఆ తర్వాతది, 'మేడిన్ ఇంగ్లండ్' అని ఉంటే 20వ శతాబ్దానిది, 'బోన్ చైనా' అని కూడా రాసి ఉంటే అదీ 20వ శతాబ్దమే. ఈ మూడు గుర్తుంచుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. కోల్‌పోర్ట్ కంపెనీ ముద్రలో 'క్రీ.శ. 1750' అన్న అర్థంలో ఇంగ్లీషులో ఉంటుంది. అది కంపెనీ తన పుట్టుక గురించి చెప్పుకునే సంవత్సరం, కప్పు పుట్టిన సంవత్సరం కాదు. ఆ ముద్ర వాడింది 19వ శతాబ్దం చివరి నుంచే. వేరే ఊళ్ళో ఒక వ్యాపారి అదే ముద్ర చూపించి, రెండు వందల డెబ్బయ్యేళ్ళ కప్పండీ అని నాకు 20,000 చెప్పాడు. అలాంటి కప్పూ సాసరూ జగన్నాథపురంలో 3,200కి తెచ్చుకున్నాను. దాని చీటీ మీద '1890-1910' అని రాసి ఉంది.

మన వైపు చాలామంది అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది. ఈ బోన్ చైనాలో ఎముక ఉంటుందా? ఉంటుంది. 1800 ప్రాంతంలో ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో స్పోడ్ కంపెనీ వాళ్ళు కుదిర్చిన పాళ్ళలో దాదాపు సగం పశువుల ఎముకల బూడిద, మిగతాది తెల్లమట్టీ రాతిపొడీ. ఆ తెలుపు, టార్చి వేస్తే వేళ్ళ నీడ అవతలికి కనపడే ఆ పల్చదనం దాని వల్లే. మడీ ఆచారం ఉన్న ఇళ్ళవాళ్ళు తెలియక కొని తర్వాత బాధపడటం నేను చూశాను. ఈయన మాత్రం పెద్దవాళ్ళు ఎవరు వచ్చినా ముందే ఆ మాట చెప్పి, వద్దనుకుంటే ఎముక కలపని ఐరన్‌స్టోన్ వైపు తీసుకెళ్తారు. ఐరన్‌స్టోన్‌కి మేసన్ 1813లో పేటెంటు తీసుకున్నాడు. మందంగా, బరువుగా, వెలుగు దూరకుండా ఉంటుంది. పని కొంచెం మోటు, కానీ ఎరుపూ నీలం పూలతో చూడముచ్చటగా ఉంటుంది. నిజం చెప్పి ఎక్కువ ఖరీదు సరుకు పోగొట్టుకునే వ్యాపారి మీద గౌరవం ఎందుకు కలగదు?

బీటల గురించి. ప్లేటుని అరచేతి మీద ఆనించి, గోటితో అంచున తట్టితే మంచిది ఖణేల్‌మంటుంది, బీట ఉంటే శబ్దం చచ్చిపోతుంది. టార్చి వెనక నుంచి వేస్తే వెంట్రుకంత బీట కూడా నల్లగా కనిపిస్తుంది. అతికి, రంగు వేసి దాచినచోట గ్లేజు మెరుపు వేరుగా ఉంటుంది, ఆ భాగం చేతికి అంత చల్లగా తగలదు. ఇవన్నీ కొట్టులోనే చేసి చూడొచ్చు, ఎవరూ విసుక్కోరు. పాత రోజుల్లో పగిలిన ప్లేటుకి వెనక చిన్న చిల్లులు పెట్టి లోహపు కుట్లు వేసేవారు. అలా కుట్లు వేసిన ఒక పెద్ద పళ్ళెం అక్కడ చాలాకాలంగా ఉంది. దాన్ని ఆయన దాచలేదు, బోర్లించి పెట్టి కుట్లు కనిపించేట్టే ఉంచారు. నేను డబ్బు చేతిలో ఉన్నప్పుడల్లా దాని వైపు చూస్తాను. ఒక ఇంటివాళ్ళు ఆ పళ్ళాన్ని పారెయ్యలేక బాగు చేయించుకున్నారంటే ఎంత ప్రేమగా వాడుకుని ఉంటారో.

ఈ సరుకు ఇక్కడికి ఎలా వచ్చిందని కొత్తవాళ్ళు అడుగుతారు. గోదావరి పాయల వెంట ఇంజరం, మాధవాయపాలెంలలో ఇంగ్లీషువాళ్ళు బట్టల వ్యాపారానికి మకాం పెట్టింది 17, 18 శతాబ్దాల నాటి సంగతి. కోరంగి రేవు 1839 ఉప్పెనకి దెబ్బతిన్నాక కాకినాడ పెరిగింది. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఆ ఇంజనీర్లూ కలెక్టర్లూ రేవు వ్యాపారులూ వాడుకున్నవి కొన్ని ఇక్కడే మిగిలిపోయాయి. దొరలు వస్తే టీ ఇవ్వడానికి జమీందార్లు తెప్పించుకున్నవి ఇంకొన్ని. మన వంటింట్లోకి పింగాణీ అంటే ఊరగాయ జాడీ తప్ప ఇంకేదీ అడుగుపెట్టలేదు కనుక, ఆ కప్పులు హాల్లో అద్దాల బీరువాలోనే ఉండిపోయి చెక్కుచెదరకుండా మనదాకా వచ్చాయి. పెంకుటిళ్ళు పడగొట్టి అపార్టుమెంట్లు కడుతున్నప్పుడు ఆ బీరువాలు ఈ కొట్టుకి చేరుతున్నాయి. మిగతాది కోల్‌కతా నుంచి తెప్పిస్తారట.

ఇక లోటుపాట్లు. మొదటిది, ప్లేట్లు పేర్చే తీరు. మధ్యలో గుడ్డ ముక్క కూడా లేకుండా ఒకదాని మీద ఒకటి పెడతారు. పై ప్లేటు అడుగున గ్లేజు లేని గరుకు అంచు కింద ప్లేటు బంగారాన్ని గీకేస్తుంది. ఎనామెల్ గులాబీల మీద అలాంటి గీతలు చూసినప్పుడు నాకు కడుపులో దేవినట్టుంటుంది. ఎన్నిసార్లు చెప్పినా 'ఆయ్, పెట్టిస్తానండి' అంటారు, పెట్టించరు. రెండోది, వెనక గదిలో ట్యూబులైటు తప్ప వెలుగు లేదు. రంగు అసలు ఎలా ఉందో చూడాలంటే వీధి అరుగు మీదకి తెచ్చుకోవాలి. తెచ్చుకోనిస్తారు, అది వేరే సంగతి. మూడోది, సెట్లు విడగొట్టి అమ్మడం. ఆరు ప్లేట్లు ఒకే చిత్రకారుడి చేతివి ఉంటే, ఒక్కోదాంట్లో ఒక్కో పువ్వు ఉంటే, వాటిని ఆరిళ్ళకి పంచేస్తే ఆ పని మళ్ళీ ఎప్పుడు కలుస్తుంది? ఈ విషయంలో ఆయనతో నేను గట్టిగానే వాదించాను, ఇంకా వాదిస్తాను. బిల్లు కూడా అడిగితే తప్ప వివరంగా రాయరు. 'పింగాణీ ప్లేట్లు 2' అని రాసి ఇస్తారు. మీరు అడిగి కాలం, పని రకం, లోపాలు అన్నీ రాయించుకోండి.

ప్యాకింగ్ మాత్రం నూటికి నూరు. ఒక్కోదాన్నీ పాత పంచె గుడ్డలో చుట్టి, వరిగడ్డి మందంగా పరిచి, ప్లేట్లని పడుకోబెట్టకుండా నిలబెట్టి సర్దుతారు. నిలబెడితే బస్సు కుదుపుకి బరువు ఒకదాని మీద ఒకటి పడదు. కొరియర్ చెయ్యరు, ఎంత అడిగినా చెయ్యరు. నాకూ అదే మంచిదనిపిస్తుంది.

కొన్నాక వీటిలో తింటారా అని బంధువులు అడుగుతారు. అప్పుడప్పుడు వాడతాను. పూతరేకులు, కాజాలు, జంతికలు, అరటిపండు, ఇలా పొడిగా ఉండేవి మాత్రమే, అదీ కాసేపే. పాత ఎనామెల్ రంగుల్లో సీసం ఉంటుంది, పులుపు తగిలితే అది బయటికి వస్తుంది. అందుకని పులుసు, పెరుగు, చట్నీ, నిమ్మకాయ పిండినవి వీటిలో పెట్టకూడదు. చిన్నపిల్లలకి అసలు పెట్టొద్దు. కడిగేటప్పుడు గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి గుడ్డ, రెండు చుక్కల సబ్బు చాలు. పీచు, స్టీలు స్క్రబ్బరు, తోముడు పౌడరు తగిలితే బంగారం లేచిపోతుంది. గ్లేజు మీద సన్నటి గీతలు అల్లుకుని ఉంటే నానబెట్టకండి, మన వైపు గాలిలో ఉండే చెమ్మకి ఆ గీతల్లో గోధుమ రంగు మరక దిగుతుంది.

అమెరికాలో ఉన్న పిల్లలకి కానుకగా పంపుదామనుకునేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద వందేళ్ళు దాటిన కళావస్తువుల్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. ఈ కొట్టాయనకి లైసెన్సు ఉంది, గోడకి తగిలించి ఉంటుంది. ఆయన సరుకు అమ్ముతూనే ఆ మాట చెప్తారు, వందేళ్ళ లోపు వస్తువైనా పంపేముందు పురావస్తు శాఖ నుంచి పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకోమంటారు.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూసి ఉంటుంది, ఆదివారం తెరవరు. ఉదయం పదింటికి వెళ్తే అరుగు మీద ఎండ బాగుంటుంది, రంగులు చూసుకోవడానికి అదే సమయం. బేరం పదో వంతు దాకా తగ్గుతుంది, ఒకేసారి మూడు నాలుగు తీసుకుంటే ఇంకాస్త. కుంచె పని వాటి మీద ఎక్కువ తగ్గించమని పట్టుబట్టకండి, వాటికి ఆయన అడిగేది న్యాయమైన ధరే. ప్రస్తుతం ఎడమ బీరువా మూడో అరలో నీలం అంచు టీ కప్పులు నాలుగు ఉన్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో అడవి పువ్వు, నాలుగూ ఒకే చేతి పని. నాకు ఇంట్లో చోటు లేదు. ఎవరు తీసుకున్నా నాలుగూ కలిపి తీసుకోండి.